ఒక్క ఫారం పుస్తకం

(గుంటూరులో ఒక చదువరుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనకవాళ్లకి వినపడుతోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గిస్తే బాగుంటుంది, కాగితాలు ఎగిరిపోతున్నాయి. సరే.

నన్ను మార్టిన్ లూథరు గురించి, అంటే అయిదొందల ఏళ్ల కిందట పోపుకి ఎదురు తిరిగి ప్రొటెస్టంట్ సంస్కరణ మొదలుపెట్టిన జర్మన్ సన్యాసి గురించి మాట్లాడమన్నారు. గుంటూరులో నిలబడి లూథరు గురించి మాట్లాడాలంటే కొంచెం భయమే, ఎందుకంటే 1842లో హయ్యర్ గారు ఈ ఊరికి వచ్చి లూథరన్ మిషను మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఆ పేరు మన ఇళ్లల్లోకి వచ్చేసింది, ఈ హాల్లోనే ఇద్దరు ముగ్గురు లూథర్లు కూర్చుని ఉంటారని నా అనుమానం. (నవ్వులు) చూశారా, అక్కడ ఒకాయన చెయ్యెత్తాడు.

నేను పాస్టర్ని కాదు, చరిత్ర మాస్టర్ని కూడా కాదు. మా నాన్నకి కాలితో తొక్కే ఒక చిన్న ట్రెడిల్ ప్రెస్సు ఉండేది. శుభలేఖలు, బిల్లు బుక్కులు, సినిమా కరపత్రాలు, ఎలక్షన్లు వస్తే గుర్తు బొమ్మతో పాంప్లెట్లు, ఇవీ మా పని. నేను ఏడో తరగతిలో ఉండగానే కేసు, అంటే అక్షరాలు గదులు గదులుగా ఉండే పెట్టె, దాని ముందు స్టూలేసుకుని నిలబడి సీసం అక్షరాలు ఏరి స్టిక్కు అనే చేతిపట్టీలో పేర్చడం, అదే కంపోజింగ్, నేర్చుకున్నాను. కాబట్టి ఇవాళ లూథర్ని వేదాంతం వైపు నుంచి కాకుండా ప్రెస్సు వైపు నుంచి చూపిస్తాను. నా వాదన ఒక్కటే, ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు తిట్టుకున్నా పర్లేదు. లూథర్ని నిలబెట్టింది అచ్చు యంత్రం అని స్కూలు పుస్తకాల్లో చదువుకున్నాం కదా, అది సగమే నిజం. యంత్రం ఆయన పుట్టకముందే ఉంది. ఆయన్ని నిలబెట్టింది అచ్చు వ్యాపారం.

గూటెన్‌బర్గ్ దగ్గర మొదలుపెడదాం. మైన్జ్ అనే ఊళ్లో, 1450 ప్రాంతంలో, సీసంతో తగరం, ఆంటిమొనీ కలిపి విడి అక్షరాలు పోతపోసి, ద్రాక్షరసం పిండే మరలాంటి మరతో కాగితం మీద ఒత్తాడు. 1455 నాటికి బైబిలు వచ్చింది, సుమారు 180 ప్రతులు. ఇది అందరికీ తెలిసిన కథ. అందరూ చెప్పని ముక్క ఇంకోటుంది. ఆ బైబిలు అచ్చవుతున్న రోజుల్లోనే, 1454లో, మైన్జ్‌లో ఇంకో పని కూడా అచ్చయింది, అవి పాపపరిహార పత్రాలు. టర్కుల దాడి నుంచి సైప్రస్ దీవిని కాపాడటానికి చందా ఇచ్చినవాళ్లకి చర్చి ఇచ్చే పత్రం. మాటర్ అంతా అచ్చులో ఉంటుంది, కొన్నవాడి పేరుకీ తారీఖుకీ ఖాళీ వదిలి ఉంటుంది, చేత్తో నింపుకోవాలి. నాకది చూడగానే మా నాన్న గుర్తొచ్చాడు. అది అచ్చంగా రసీదు బుక్కు! ప్రెస్సు భాషలో జాబ్ వర్కు. బైబిలు లాంటి పెద్ద పుస్తకానికి పెట్టుబడి పెడితే డబ్బు ఎప్పటికి తిరిగొస్తుందో దేవుడికే తెలియాలి, ఈలోపు ప్రెస్సు అద్దె కట్టేది రసీదు బుక్కులే. ఇది నాకు తెలుసు, ఇది గూటెన్‌బర్గ్‌కీ తెలుసు, ఆయన అప్పులపాలై ప్రెస్సు భాగస్వామి చేతిలో పోగొట్టుకున్నాడు కూడా.

అంటే ఏ పత్రాల మీద తర్వాత అంత గొడవ జరిగిందో, ఆ పత్రాల వ్యాపారం అంత పెద్దదవడానికి కారణం కూడా అచ్చే. చేత్తో రాసుకుంటూ కూర్చుంటే ఎన్ని అమ్మగలరు?

ఇప్పుడు ఆ వ్యాపారం ఏంటో త్వరగా చెప్పేస్తాను. మనిషి చనిపోయాక స్వర్గానికి వెళ్లేముందు తన పాపాలకి శిక్ష అనుభవించే చోటు ఒకటుందని చర్చి చెప్పేది, మన కథోలికులు ఉత్తరించు స్థలం అంటారు. పాపపరిహార పత్రం తీసుకుంటే అక్కడి శిక్ష తగ్గుతుంది, చనిపోయిన మీ అమ్మానాన్నలకి కూడా తీసుకోవచ్చు. 1515లో పోప్ పదో లియో రోములో సెయింట్ పీటర్ గుడి కట్టించడానికని ఇలాంటి అమ్మకం ఒకటి ప్రకటించాడు. జర్మనీలో దాని బాధ్యత ఆల్‌బ్రెక్ట్ అనే ఆర్చిబిషప్‌ది. ఈయన పాతికేళ్లు నిండకుండానే ఒకటికి మించి బిషప్ పదవులు సంపాదించాడు, అందుకు రోముకి కట్టాల్సిన డబ్బు ఫుగ్గర్ అనే బ్యాంకు కుటుంబం దగ్గర అప్పు చేశాడు. కాబట్టి వసూలైన దాంట్లో సగం గుడికి, సగం ఫుగ్గర్ల బాకీకి. కొనే రైతుకి ఈ రెండో సగం సంగతి తెలియదు. న్యాయంగా చెప్పాలంటే లూథరుకి కూడా మొదట్లో తెలియదు.

లూథరు ఆగస్టీనియన్ సన్యాసి, విట్టెన్‌బర్గ్ యూనివర్సిటీలో బైబిలు పాఠాలు చెప్పే ప్రొఫెసరు. విట్టెన్‌బర్గ్ అంటే పెద్ద నగరం అనుకునేరు, మహా అయితే రెండు వేల మంది జనం, మన దగ్గర ఒక మోస్తరు పల్లెటూరంత. అక్కడి రాజు ఫ్రెడరిక్ తన రాజ్యంలో ఈ పత్రాలు అమ్మనివ్వలేదు. ఆయనేదో సంస్కర్త అనుకోకండి, ఆయన సొంత కోట చర్చిలోనే 19 వేలకి పైగా పరిశుద్ధుల ఎముకలు, గుడ్డపీలికలు పోగేసి పెట్టుకున్నాడు, వాటిని దర్శించుకున్నవాళ్లకి కూడా శిక్ష తగ్గుతుంది, పోటీ షాపు ఎవడు పెట్టనిస్తాడు? దాంతో టెట్జెల్ అనే సన్యాసి పొలిమేర దాటి అవతల అమ్మడం పెట్టాడు. విట్టెన్‌బర్గ్ జనం అక్కడికి వెళ్లి కొనుక్కొచ్చి, ఇక మాకు పశ్చాత్తాపం అక్కర్లేదన్నట్టు మాట్లాడేసరికి లూథరుకి ఒళ్లు మండింది.

1517 అక్టోబర్ 31న ఆయన ఆర్చిబిషప్‌కి ఉత్తరం రాసి, దానితో ఆ పత్రాల మీద పండితుల చర్చకి పెట్టిన 95 వాదాంశాలు జతచేసి పంపాడు. ఇది ఖాయం. మరి చర్చి తలుపుకి మేకులు కొట్టడం? కొట్టి ఉండొచ్చు, ఆ తలుపు యూనివర్సిటీ నోటీసు బోర్డు, అక్కడ నోటీసు పెట్టడం పెద్ద విశేషం కాదు. కానీ ఆ సంగతి చెప్పినవాడు లూథరుతో పనిచేసిన మెలాంక్తన్ అనే ప్రొఫెసరు, అదీ 1546లో లూథరు చనిపోయాక, పైగా 1517లో ఈ మెలాంక్తన్ ఆ ఊళ్లోనే లేడు, మరుసటేడు వచ్చాడు. సినిమాలో బాగుంటుంది కాబట్టి సుత్తి చప్పుడు మిగిలిపోయింది.

ప్రెస్సు మనిషిగా నాకు ఆ తలుపు కంటే ఆసక్తి కలిగించేది ఆ తర్వాతి రెండు నెలలు. ఆ సంవత్సరం అయిపోయేలోపే ఆ వాదాంశాలు నురెంబర్గ్‌లో, లైప్‌జిగ్‌లో, బాసెల్‌లో అచ్చయ్యాయి. లైప్‌జిగ్ వాడు నంబర్లు వేయడంలో తప్పులు చేసి 95కి బదులు 87 దగ్గర ముగించాడు, ప్రూఫు చూసినవాడెవడో గానీ! మా ప్రెస్సులో ఒకసారి ఒక శుభలేఖలో పెళ్లికొడుకు పేరున్న చోట వాళ్ల నాన్న పేరు పడింది, అందుకని ఆ లైప్‌జిగ్ కంపోజిటరు మీద నాకు సానుభూతే ఉంది. (నవ్వులు)

వేసింది ఎవరు? లూథరు వేయమని చెప్పలేదు. డబ్బివ్వలేదు. 1518 మార్చిలో నురెంబర్గ్‌లోని ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో ఆయన కంగారు పడుతున్నాడు, ఇవి ఇంతగా బయటికి వెళ్లాలని నేను అనుకోలేదు, పదిమంది పండితులతో చర్చించుకుందామనుకున్నాను, జనానికి చెప్పాలంటే ఇలా రాసేవాడినే కాదు అని. నిజమే, 95 వాదాంశాలు లాటిన్‌లో ఉన్నాయి, తర్కం పరీక్ష పేపర్‌లా ఉంటాయి, అవి చదివి ఏ చెప్పులు కుట్టేవాడూ ఏ వడ్రంగీ తిరగబడలేదు.

ఇక్కడ ఆగి ఒక్క విషయం జాగ్రత్తగా చూద్దాం, ఎందుకంటే అసలు మలుపు ఇదే. ఆ ఉత్తరం రాసిన రోజుల్లోనే లూథరు అదే విషయాన్ని జర్మన్‌లో, మామూలు మాటల్లో, ఇరవై చిన్న చిన్న పేరాలుగా రాశాడు. పాపపరిహారం గురించీ దేవుడి కృప గురించీ ఒక ప్రసంగం. ఎంతుంటుంది? ఒక షీటు. షీటుని రెండు మడతలు వేస్తే నాలుగు ఆకులు, ఎనిమిది పేజీలు, అంతే. మా భాషలో ఒక్క ఫారం. ఇక్కడ ప్రెస్సుల్లో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకి ఇప్పటికే అర్థమైపోయి ఉంటుంది.

మిగతావాళ్ల కోసం చెప్తాను. చిన్న ప్రెస్సుకి డబ్బు కంటే పెద్ద కరువు టైపు. ఉన్న సీసం అక్షరాలతో ఏ నాలుగు పేజీలో ఎనిమిది పేజీలో కంపోజ్ చేయగానే కేసులు ఖాళీ. ఆ పేజీలు అచ్చు వేసి, విప్పి, అక్షరాలన్నీ మళ్లీ ఎవరి గదిలో వాటిని వేస్తేగానీ తర్వాతి పేజీలు మొదలవ్వవు. మూడొందల పేజీల పుస్తకం ఒప్పుకున్నారనుకోండి, నెలల తరబడి టైపు ఇరుక్కుపోతుంది, కాగితం డబ్బు ఇరుక్కుపోతుంది, చివరి ఫారం అయ్యేదాకా ఒక్క ప్రతి కూడా అమ్ముకోలేరు. అదే ఒక్క ఫారం అయితే? ఇవాళ కంపోజింగ్, రేపు అచ్చు, ఎల్లుండి సంత. కుట్టక్కర్లేదు, అట్ట వేయక్కర్లేదు. సొమ్ము వారంలో తిరిగొస్తుంది. అంతకుముందు యూరప్ ప్రెస్సులు ఎక్కువగా లాటిన్ పుస్తకాలు, పెద్దవి, యూనివర్సిటీలకీ మఠాలకీ వేసేవి, వేసి అమ్ముడుపోక మునిగిపోయేవి. ఇప్పుడు ఒక సన్యాసి వచ్చి, జనం ఎగబడి కొనే సరుకుని ఒక్క ఫారంలో పట్టేట్టు రాసి ఇస్తున్నాడు, పైగా రాసినందుకు పైసా అడగడు! లూథరు తన పుస్తకాలకి జీవితంలో డబ్బు తీసుకోలేదు. ఇలాంటి రచయిత దొరికితే మా నాన్న పూలదండ వేసేవాడు.

ఆ ప్రసంగం 1520 లోపు ఇరవై సార్లకి పైగా అచ్చయింది. అందులో చాలావరకు దొంగ అచ్చులు. కాపీరైటు అనే మాటే అప్పటికి లేదు కాబట్టి దొంగ అనడం కూడా తప్పేనేమో. పనిచేసిన తీరు ఇలా ఉంటుంది. కాగితం బరువు, దారులు గోతులు. విట్టెన్‌బర్గ్ నుంచి ఔగ్స్‌బర్గ్ దాకా వెయ్యి ప్రతులు బండి మీద తోలితే కిరాయి పుస్తకం ధరని మింగేస్తుంది. అదే ఒక వర్తకుడు తన సంచీలో ఒక్క ప్రతి పెట్టుకుపోతే, ఔగ్స్‌బర్గ్ ప్రెస్సువాడు దాన్ని చూసి మళ్లీ కంపోజ్ చేసి, అక్కడి కాగితం మీద అక్కడి జనానికి అమ్ముకుంటాడు. అక్కణ్ణుంచి ఇంకొకడి సంచీలో ఇంకో ఊరు. వాట్సాప్ ఫార్వర్డు అంటే మీకు వెంటనే అర్థమవుతుంది గానీ ఆ పోలిక నాకంత నచ్చదు, ఎందుకంటే ఇక్కడ ప్రతి ఫార్వర్డుకీ ఒక ప్రెస్సువాడు సొంత డబ్బు పెట్టుబడి పెట్టాడు, అమ్ముడవదనుకుంటే పెట్టడు. అది నమ్మకం. మతం మీద నమ్మకం కాకపోవచ్చు, సరుకు మీద నమ్మకం.

లూథరు కూడా ఈ కిటుకు త్వరగానే పట్టేశాడు. విట్టెన్‌బర్గ్‌లో మొదట ఉన్నది ఒకే ఒక్క ప్రెస్సు, రావ్-గ్రూనెన్‌బర్గ్ అనే ఆయనది, భక్తిపరుడే గానీ పని మహా నెమ్మది, అచ్చు ముద్దలు ముద్దలుగా ఉండేది. 1521లో తన పుస్తకం ఒకటి చూసి లూథరు, ఇంత అశ్రద్ధగా వేస్తారని తెలిస్తే పంపేవాణ్ణే కాదన్నట్టు మిత్రుడికి మొరపెట్టుకున్నాడు. అంతకుముందే లైప్‌జిగ్ నుంచి లోటర్ అనే పెద్ద ప్రెస్సు యజమానిని ఒప్పించి విట్టెన్‌బర్గ్‌లో ఒక శాఖ పెట్టించాడు. అదే ఊళ్లో లూకాస్ క్రనాఖ్ అని ఆస్థాన చిత్రకారుడు, ఆయనకి మందుల షాపు ఉంది, సారాయి లైసెన్సు లాంటిది కూడా ఉంది, గట్టి వ్యాపారి. ఆయన చెక్క బ్లాకులు చెక్కించి ముఖపత్రానికి చుట్టూ అందమైన బోర్డర్లు ఇచ్చాడు, మధ్యలో లూథరు పేరు విడిగా, విట్టెన్‌బర్గ్ అనే ఊరు పేరు విడిగా, దూరం నుంచి కనపడేట్టు. కొన్నాళ్లకి వేరే ఊళ్ల ప్రెస్సులవాళ్లు తాము వేసిన దానిమీద కూడా విట్టెన్‌బర్గ్ అని వేసుకోవడం మొదలుపెట్టారు, బందరు లడ్డూ అని బోర్డు పెట్టి ఎక్కడో చేసినట్టు. చివరికి 1524లో అసలు ప్రతి గుర్తుపట్టడానికి గొర్రెపిల్ల బొమ్మ, గులాబీ ముద్ర వేయాల్సి వచ్చింది.

1520లో జర్మన్ ప్రభువులకి ఆయన రాసిన పుస్తకం, చర్చిని మీరే బాగుచేయండి, ప్రతి విశ్వాసీ యాజకుడే అని చెప్పింది, లోటర్ మొదటి విడతలోనే 4,000 వేశాడు, కొద్దిరోజుల్లో అయిపోయాయి. మా ప్రెస్సులో ఇప్పటికీ కవిత్వం పుస్తకం వేస్తే అయిదొందలకి మించి ధైర్యం చేయం. అదే ఏడాది పోపు హెచ్చరిక పత్రం పంపాడు, డిసెంబరు 10న లూథరు దాన్ని ఊరి గేటు బయట మంటలో వేశాడు. 1521లో వోర్మ్స్ అనే ఊళ్లో సభ, చక్రవర్తి ముందు నిలబడి రాసింది వెనక్కి తీసుకోననడం, ఆయన పుస్తకాల మీద నిషేధం, ఇవన్నీ మీకు తెలుసు, వాటి మీద సినిమాలు ఉన్నాయి, నేను దాటేస్తాను.

నిషేధం తర్వాత రాజు ఫ్రెడరిక్ ఆయన్ని వార్ట్‌బర్గ్ కోటలో దాచిపెట్టాడు. అక్కడ కూర్చుని పదకొండు వారాల్లో బైబిల్లోని కొత్త నిబంధన మొత్తం గ్రీకు నుంచి జర్మన్‌లోకి దించాడు. ఇంట్లో అమ్మ ఎలా మాట్లాడుతుందో, వీధిలో పిల్లలు, సంతలో మామూలు మనిషి ఎలా మాట్లాడతారో వాళ్ల నోళ్లు గమనించి అనువాదం చేయాలని ఆయన తర్వాత రాసుకున్నాడు. 1522 సెప్టెంబరులో వచ్చింది, సుమారు మూడు వేల ప్రతులు, మూడు నెలలు తిరక్కుండానే డిసెంబరులో రెండో ముద్రణ. ఇందులో నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటుంది. అందులో చివరి భాగమైన ప్రకటన గ్రంథానికి క్రనాఖ్ వేసిన బొమ్మల్లో మహా బబులోను అనే వేశ్య తల మీద పోపు పెట్టుకునే మూడంతస్తుల కిరీటం ఉంది. గొడవైంది, పొరుగు రాజు జార్జ్ ఫిర్యాదు చేశాడు. డిసెంబరు ముద్రణకి ఏం చేశారంటే బొమ్మ తీసేయలేదు, చెక్క బ్లాకులో పై అంతస్తులు చెక్కేసి మామూలు కిరీటం మిగిల్చారు. బ్లాకు మళ్లీ చేయించాలంటే ఖర్చు కదా!

చదువొచ్చినవాళ్లు ఎంతమంది అని మీరు అడగాలి. చాలా తక్కువ, పల్లెల్లో అయితే మరీను. కానీ మనకి తెలియనిదా, రచ్చబండ మీద ఒకడు పేపరు చదువుతుంటే ఇరవై మంది వినేవాళ్లు. అక్కడా అంతే, సత్రంలో, చర్చి ముందు, నేత మగ్గం పక్కన ఒకడు చదివేవాడు. చదవలేనివాడికి బొమ్మలు. 1521లో క్రనాఖ్ పదమూడు జతల బొమ్మలతో ఒక పుస్తకం వేశాడు, ఎడమ పేజీలో క్రీస్తు శిష్యుల కాళ్లు కడుగుతుంటాడు, కుడి పేజీలో రాజులు పోపు కాళ్లకి ముద్దుపెడుతుంటారు. వివరణ ఎందుకింకా? 1524లో ఎనిమిది పాటలతో ఓ చిన్న పుస్తకం. 1529లో పిల్లలకి నేర్పే ప్రశ్నోత్తరి మొదట గోడకి అంటించుకునే కాగితాలుగా వచ్చింది, అంటే వాల్‌పోస్టరు. ఆడవాళ్లు కూడా రాశారు. బవేరియాలో ఆర్గులా ఫోన్ గ్రుంబాఖ్ అనే ఆమె 1523లో, లూథరు వైపు మాట్లాడిన ఒక కుర్రాణ్ణి హింసిస్తున్నారని ఏకంగా ఇంగోల్‌స్టాట్ యూనివర్సిటీ ప్రొఫెసర్లకి ఉత్తరం రాసి వాదనకి పిలిచింది. వాళ్లు జవాబివ్వలేదు. ఆ ఉత్తరం మాత్రం అచ్చయి, మళ్లీ మళ్లీ అచ్చయింది.

మరి అవతలివాళ్లకి ప్రెస్సులు లేవా? ఉన్నాయి! ఇది నా వాదనకి గట్టి సాక్ష్యం. లైప్‌జిగ్‌లో ఆ జార్జ్ రాజు లూథరు పుస్తకాలు నిషేధించి, చర్చి వైపు పుస్తకాలే వేయమన్నాడు. 1524లో లైప్‌జిగ్ ప్రెస్సులవాళ్లు మొరపెట్టుకున్నారు, జనం అడిగేది మమ్మల్ని వేయనివ్వరు, మా దగ్గర గుట్టలుగా పడున్నది ఊరికే ఇచ్చినా ఎవరూ తీసుకోరు, మేం ఇళ్లూ పొట్టా పోగొట్టుకునేట్టున్నాం అని. అదే మర, అదే సీసం, అదే సిరా. లేనిది గిరాకీ. ఇంకా తమాషా, లూథరు బైబిలుకి పోటీగా ఎమ్‌జర్ అనే ఆయన 1527లో కథోలికుల కోసం కొత్త నిబంధన తెచ్చాడు. చూస్తే అందులో చాలామటుకు లూథరు అనువాదమే, అక్కడక్కడ దిద్ది, ఆ క్రనాఖ్ బ్లాకులే కొని వేశారు. లూథరు పళ్లు నూరుకున్నాడు గానీ చేయగలిగిందేముంది.

ఇంగ్లండు కథ కూడా ఒక్క నిమిషం. విలియం టిండేల్ ఇంగ్లీషు కొత్త నిబంధన 1526లో జర్మనీలోని వోర్మ్స్‌లో అచ్చయి, గుడ్డల మూటల్లో దాగి ఇంగ్లండు చేరింది. లండన్ బిషప్ టన్‌స్టల్ వాటిని తగలబెట్టించాడు. అప్పటి ఒక చరిత్రకారుడు రాసిన కథ ప్రకారం, బిషప్ ఒక వర్తకుడి ద్వారా ఆంట్‌వెర్ప్‌లో ఉన్న ప్రతులన్నీ కొనిపించాడట కాల్చేయడానికి. ఆ వర్తకుడు టిండేల్‌కి స్నేహితుడు. ఆ డబ్బుతో టిండేల్ అప్పులు తీర్చుకుని, తప్పులు దిద్ది, కొత్త ముద్రణ వేయించుకున్నాడు. కథ ఎంతవరకు నిజమో గానీ ప్రెస్సు లెక్క మాత్రం కరెక్టు. టిండేల్‌ని 1536లో గొంతు బిగించి చంపి కాల్చారు.

ఇప్పటిదాకా చెప్పింది వింటే అచ్చు ఏదో దేవదూతలా అనిపిస్తుంది. కాదు. 1525లో జర్మనీ రైతులు తిరగబడ్డారు, వెట్టి చాకిరీ వద్దు, మా పాస్టర్ని మేమే ఎన్నుకుంటాం, అడవీ చేపలూ అందరివీ అని మెమ్మింగెన్‌లో పన్నెండు డిమాండ్లు రాశారు. అదీ చిన్న పుస్తకమే, రెండు నెలల్లో పాతిక సార్లు అచ్చయింది. లూథరు దగ్గర నేర్చుకున్న పాఠమే. లూథరు మొదట రెండు వైపులా మందలించి శాంతి చెప్పాడు, తర్వాత రైతుల దోపిడీలు చూసి మండిపడి, వాళ్లని పొడవండి, చంపండి అని ప్రభువులకి రాశాడు. ఈ రెండు రచనలూ కలిపి చదవమని ఇస్తే, వేరే ఊళ్ల ప్రెస్సులవాళ్లు ఆ శాంతి ముక్క వదిలేసి ఘాటు ముక్క ఒక్కటే విడిగా వేశారు. ఎందుకు? ఒక్క ఫారం. ఘాటుగా ఉంది. అమ్ముడవుతుంది. అది జనం చేతికి చేరేసరికి మే నెలలో ఫ్రాంకెన్‌హౌజెన్ దగ్గర రైతుల్ని ఊచకోత కోస్తున్నారు, లూథరే చంపించాడన్న మచ్చ ఆయనకి పోలేదు. పోవాలని కూడా నేను అనను, రాసింది ఆయనే. 1543లో యూదుల మీద ఆయన రాసిన పుస్తకం ఇంకా ఘోరం, వాళ్ల ప్రార్థనామందిరాలు తగలబెట్టమని. నాలుగొందల ఏళ్ల తర్వాత నాజీలు దాన్ని బయటికి తీసి వాడుకున్నారు. మన లూథరన్ సంఘాల్లో ఈ మాట ఎత్తడానికి మొహమాటపడతారు, నేను మొహమాటపడను.

ఇక తెలుగు దగ్గరికి వస్తాను, టైము అయిపోతోందని అధ్యక్షులవారు నావైపు చూస్తున్నారు.

లూథరు తర్వాత నూట యాభై రెండొందల ఏళ్లకి జర్మనీలోనే హాలె అనే ఊళ్లో ఇంకో సంస్కరణ ధోరణి వచ్చింది, సిద్ధాంతాలు కాదు, గుండెలో భక్తి, చేతిలో సేవ అన్నవాళ్లు. అనాథాశ్రమం, బడి, మందుల షాపు, ప్రెస్సు. అక్కడ 1710 నుంచి బైబిలు చవగ్గా వేయడానికి ఒక సంస్థే నడిచింది, పేజీల టైపు విప్పకుండా అలాగే కట్టి ఉంచేవాళ్లు, మళ్లీ మళ్లీ కంపోజింగ్ ఖర్చు లేకుండా. ఎంత సీసం కావాలో ఊహించుకోండి, నాకైతే నోరూరుతుంది. ఆ హాలెలో చదువుకున్న జీగెన్‌బాల్గ్ 1706లో తమిళనాడులోని తరంగంబాడిలో దిగాడు. హాలె నుంచి తమిళ టైపు వచ్చింది, అక్షరాలు మరీ లావు, కాగితం తినేస్తోంది. అప్పుడు లండన్ నుంచి చీజు ప్యాకింగ్‌కి వచ్చిన సీసం మూతలు కరిగించి అక్కడే చిన్న అక్షరాలు పోతపోసుకున్నారట. 1715కి తమిళ కొత్త నిబంధన పూర్తయింది.

వాళ్ల వెనకే వచ్చినవాడు బెంజమిన్ షుల్జ్. మద్రాసు చేరి తెలుగు నేర్చుకున్నాడు, 1728లో లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశాడు, బైబిలుని తెలుగులోకి అనువదించాడు. అది అచ్చుకి నోచుకోలేదు. 1743లో హాలెకి తిరిగి వెళ్లిపోయాడు, అక్కడ తెలుగు అక్షరాలు పోతపోయించి 1746, 47ల్లో ప్రశ్నోత్తరి, ఇంకొన్ని చిన్న పుస్తకాలు వేయించాడు. తెలుగులో మొట్టమొదట అచ్చయిన పుస్తకాలు ఇవేనంటారు. ఆలోచించండి, మన ఒత్తులు, మన గుడి, మన కొమ్ము, ఒక జర్మన్ పనివాడు పేర్చాడు, తను ఏం పేరుస్తున్నాడో ఒక్క ముక్క తెలియకుండా. కంపోజిటరుగా నాకు అతని కష్టం తెలుసు.

ఇవి కూడా చిన్న పుస్తకాలే, అదే లూథరు మతం, ఇంకా మంచి ప్రెస్సు. ఏం కదిలింది? ఏమీ కదల్లేదు. ఎందుకంటే పుస్తకాలు ఆర్నెల్లు ఓడలో రావాలి, వస్తే మిషను వాళ్లు పంచాలి, కొనే సంత లేదు, మధ్యలో లాభపడే మనిషి లేడు. షుల్జ్ పుస్తకం చూసి ముచ్చటపడి దొంగ ముద్రణ వేద్దామన్నా, తెలుగు టైపు ఉన్న ప్రెస్సు మద్రాసులో లేదు, మచిలీపట్నంలో లేదు. ఒక్క ఔగ్స్‌బర్గ్ లేదు మనకి. తర్వాత 1812లో బెంగాల్లోని శ్రీరాంపూర్ మిషను ప్రెస్సు తగలబడితే అందులో తెలుగు టైపు కూడా కరిగిపోయింది, మళ్లీ పోతపోసుకుని 1818లో కొత్త నిబంధన తెచ్చారు. అది ఇంకో రోజు మాట్లాడుకుందాం.

ఆ అమ్మాయి ఏదో అడుగుతోంది, మైకు ఇవ్వండి. షుల్జ్ తెలుగు ఎలా ఉండేది అంటోంది. మంచి ప్రశ్న. ఒక పుస్తకం పేరు చెప్తాను, అది వింటే చాలు: మోక్షానికి కొంచుపోయే దోవ. మార్గము కాదమ్మా, దోవ. మద్రాసులో ఎవరి నోట విన్నాడో గానీ, విన్నది విన్నట్టు సీసంలో పోయించాడు.